పెదకోటయ్య పద్నాలుగు అడుగులు

మన ఊళ్ళకి బాగా ఉత్తరాన, వేసవిలో కూడా దుప్పటి మడత పెట్టకూడని చోట, మంచుకొండలున్నాయి. ఆ కొండల్లో అడవిగొర్రెలుంటాయి. అవి తమలో తాము ఏ భాష మాట్లాడుకుంటాయో నాకు తెలియదు. నాకీ కథ చెప్పింది ఏటా చలికాలానికి ఆ కొండలు దాటి కృష్ణ ఒడ్డుకి వచ్చిపోయే ఒక బాతు. దానికి వచ్చింది పల్నాటి మాటే. అందుకని ఈ కథలో అందరూ అట్లాగే మాట్లాడతారు. నమ్మకం లేనివాళ్ళు ఉన్నిచొక్కా వేసుకుని వెళ్ళి ఆ గొర్రెలనే అడగవచ్చు.

ఆ కొండల్లో ఏడాదికి పదకొండు నెలలు పొట్టేళ్ళు ఒక చోట, ఆడగొర్రెలు ఒక చోట. మగవాళ్ళు పైన రాళ్ళలో ఉంటారు. ఆడమంద కింద పచ్చిక వాలు మీద పిల్లల్ని పెంచుకుంటుంది. ఒకరి గొడవ ఒకరికి పట్టదు. కార్తీకం వచ్చి గడ్డి కొసల మీద మంచుబొట్లు గడ్డకట్టడం మొదలయ్యేసరికి, పైనున్న మగవాళ్ళందరికీ తాము ఒంటరివాళ్ళమని ఒకేసారి గుర్తొస్తుంది. మెడ మీద జూలు విదిలించుకుని, కొమ్ములు రాళ్ళకి రుద్దుకుని, పెళ్ళికొడుకుల్లా దిగొస్తారు. ఆ నెల రోజులూ మేత ముట్టరు, కన్ను మూయరు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, వలపు సిగ్గెరగదు అన్నారు పెద్దలు. వీళ్ళు మొదటి రెండూ వదిలేసి మూడోదాన్ని గట్టిగా పట్టుకుంటారు.

ఈ పెళ్ళిళ్ళ హడావుడిని లోయకి ఇవతలి గట్టున కూర్చుని ఏటా చూసేవాడొకడున్నాడు. నక్క గురవయ్య.

గొర్రెల పెళ్ళిళ్ళతో నక్కకి పనేమిటంటే, ఉంది. ఆ కొండకి దొర ఒక మంచుచిరుత. దొర వేటాడి తినగా మిగిలినదే గురవయ్య ఇంట్లో చలికాలం తిండి. మంచు పడి కనుమ దారి మూసుకుపోయేలోపు దొర ఒక పొట్టేలుని పడగొడితే, ఆ మాంసం గడ్డకట్టి ఫాల్గుణం దాకా నిలవ ఉంటుంది. పడగొట్టకపోతే దొర కనుమ దాటి అవతలి కొండకి పోతాడు. అప్పుడు గురవయ్య, అతని భార్య ఆదెమ్మ ఎలుక బొరియల ముందు కూర్చుని జాగారం చేయాలి. ఆ కాలంలో ఎలుకలు కూడా ఎవరికీ తలుపు తీయవు.

ఆ ఏడు సంగతి ఇంకొంచెం కష్టంగా ఉంది. దొరకి వయసు మీద పడింది, ముందుకాలి మోకాలు పట్టేసింది. పై రాతి మీద నక్కి ఉండి వెనక నుంచి దూకడం అతని పద్ధతి. ఇప్పుడు దూకితే గొర్రె కంటే ముందు తనే పడుతున్నాడు. ఎనిమిది రోజులుగా పస్తు.

"ఒరే గురవయ్యా," అన్నాడు దొర ఒక పొద్దున. "నాలో ఇంకొక్క వేటకే ఓపికుంది. అది తప్పకూడదు. ఆ మందలో అందరికంటే పిరికోడెవడో చూసి చెప్పు. వాణ్ణే పడతా. సగం నీది."

గురవయ్యతో సగం అన్న మాట పుట్టాక ఎవరూ అనలేదు. అతనికి చెవులు నిక్కబొడుచుకున్నాయి. అయినా ఎందుకైనా మంచిదని అడిగాడు.

"తప్పితే దొరా?"

"తప్పితే నాకు ఆకలిగా ఉంటుంది," అన్నాడు దొర. "నువ్వు దగ్గర్లోనే ఉంటావు."

ఆ రోజు నుంచి గురవయ్య చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

అతను కూర్చునే చోటుకి ఒక చరిత్ర ఉంది. పోట్లాడే పొట్టేళ్ళ దగ్గరికి పోవద్దని నక్కల ఇళ్ళలో పిల్లలకి కళ్ళు తెరవగానే చెబుతారు. గురవయ్య ముత్తాత పోయాడట. ఆయన్ని చాపలా చుట్టి ఇంటికి తెచ్చారని చెప్పుకుంటారు. అందుకని గురవయ్య లోయకి ఇవతలే, ఏనుగంత బండ చాటున కూర్చునేవాడు. బండ పక్క నుంచి తొంగిచూస్తే అవతల పొట్టేళ్ళు తలపడే చదును కనిపిస్తుంది. మొత్తం కాదు. ఎగువ కొస ఒక్కటే కనిపిస్తుంది. నడుమ భాగాన్నీ దిగువనీ బండ మింగేస్తుంది. ఆ సంగతి గురవయ్యకి తెలుసు. తెలివైనవాడికి సగం చూస్తే మొత్తం చూసినట్టేనని అతని అభిప్రాయం.

బండ చాటున కూర్చున్నవాడికి తెలియనిదేదో ఇక్కడే మీకు చెప్పేస్తాను. ఆ చదును మీద ఎగువ చోటు పెద్దవాడిది, దిగువ చోటు చిన్నవాడిది. అది వాళ్ళ ఆచారం. ముందు ఎదురెదురుగా నిలబడతారు. తరవాత ఇద్దరూ మొహం తిప్పకుండా వెనక్కి నడుస్తారు. ఎన్నడుగులు వెనక్కి వేస్తే అంత పెద్దమనిషి, అంత పెద్ద దెబ్బ. ఆఖరికి తల వంచి ఇద్దరూ పరిగెత్తుకొచ్చి చదును నడుమ కొమ్ముకి కొమ్ము కలుపుతారు. ఆ కలపడమే బండ వెనక జరుగుతుంది.

మందలో అందరికంటే పెద్దవాడు పెదకోటయ్య. తొమ్మిదేళ్ళవాడు. అతని కొమ్ములు చెవుల వెనగ్గా తిరిగి మళ్ళీ చెంపల దాకా వచ్చాయి. ఆ రోజు అతనితో తలపడింది అంకయ్య అనే నాలుగేళ్ళవాడు. వాడికి కొమ్ముల కంటే నోరు ముందు పెరిగింది. వాళ్ళ మాటలు లోయ దాటి గురవయ్యకి వినిపిస్తూనే ఉన్నాయి.

"పెదనాయనా, పక్కకి జరుగు. ఆ పిల్లని నేను చూసుకున్నా."

"చూసుకో నాయనా. చూడ్డానికి అడ్డెవరు?" అన్నాడు పెదకోటయ్య. "ముందు మర్యాద కానియ్యి."

అంతలో బండ అంచు నుంచి పెదకోటయ్య వెనక భాగం బయటికొచ్చింది. తరవాత నడుము, తరవాత మెడ, తరవాత మొహం. వెనక్కి నడుస్తున్నాడు. గురవయ్య లెక్కపెట్టాడు. పద్నాలుగు అడుగులు. పద్నాలుగో అడుగుకి వీపు కొండగోడకి తగిలింది. అక్కడ తల దించుకుని మళ్ళీ ముందుకు పోయి బండ చాటున మాయమయ్యాడు. ధన్‌మని కొండ అదిరింది. పిట్టలు లేచిపోయాయి. కాసేపటికి పెదకోటయ్య ఎగువ కొసకి తిరిగొచ్చి, మొహం ఒక పక్కకి తిప్పుకుని, ఎవర్నీ చూడనట్టు నిలబడ్డాడు.

తలపడ్డాక అట్లా మొహం తిప్పి కొమ్ముల సొగసు అందరికీ చూపించడం పొట్టేళ్ళ పద్ధతి. గురవయ్య దాన్ని వేరే విధంగా అర్థం చేసుకున్నాడు. కుర్రవాడు కసిరాడు. ముసలాయన పద్నాలుగు అడుగులు వెనక్కి తగ్గాడు. కాళ్ళ మీద పడదామని తల దించుకుని ముందుకు పోయాడు. తిరిగొచ్చి సిగ్గుతో మొహం తిప్పుకున్నాడు. ఆ చప్పుడంటారా, ఎక్కడో రాళ్ళు దొర్లి ఉంటాయి. చెవులతో విన్నది నమ్మకు, కళ్ళతో చూసింది నమ్ము అని పెద్దలు ఊరికే అన్నారా!

ఐదు రోజులు చూశాడు. పెదకోటయ్య రోజుకి నాలుగైదుసార్లు, ఎవరు ఎదురు నిలిచినా పద్నాలుగు అడుగులు తగ్గాడు. పైగా ఆడగొర్రె నడిచిన చోట వాసన చూసి, పై పెదవి ముడిచి, ముక్కు ఆకాశానికెత్తి చాలాసేపు నిలబడేవాడు. అది ఆ కాలంలో పొట్టేళ్ళందరూ చేసే పనే. గురవయ్య మాత్రం పంటినొప్పి అనుకున్నాడు. ఇంకొక మూడేళ్ళవాడు తనకంటే చిన్నవాడితో తలపడి, ఎగువన రెండంటే రెండడుగులే వెనక్కి వేశాడు. వాడి మొండితనానికి గురవయ్య హడలిపోయాడు. వాడు కనిపించినప్పుడల్లా దూరం నుంచే నమస్కారం పెట్టేవాడు.

ఇంటికొచ్చి ఇదంతా భార్యకి చెప్పాడు. ఆదెమ్మ బొరియలో ఎండుటాకులు సర్దుతూ విన్నది.

"మరి ఆ చప్పుడేందయ్యా?"

"రాళ్ళు."

"రోజూ ఆ ముసలాయన వెనక్కి తగ్గినప్పుడే దొర్లే రాళ్ళేంది?"

"కొండన్నాక దొర్లుతయ్. కొండని అడుగు పోయి."

"బండకి అటుపక్కకి పోయి ఒక్కసారి చూసిరారాదూ?"

"మా ముత్తాత చూడ్డానికే పోయాడు," అన్నాడు గురవయ్య. ఆ ఇంట్లో ఆ మాట తరవాత ఇంకెవరూ మాట్లాడరు.

అయినా సగం వాటా వ్యవహారం కదా, ఇంకొకరిని కూడా విచారించడం మంచిదనుకున్నాడు. లోయ అడుగున ఒక ఊట ఉంది. ఆడమందకి పెద్దదిక్కయిన నాంచారమ్మ అక్కడికి నీళ్ళకొస్తుంది. పదమూడేళ్ళ గొర్రె. కిందటి కార్తీకంలో ఆమె పెద్ద కూతుర్ని దొర ఎత్తుకుపోయాడు. అప్పటికి ఆరునెలల పిల్ల ఉంది ఆ కూతురికి. ఆ పిల్లని నాంచారమ్మే పెంచింది. ఏడాది గడిచినా ఆమె ఆ రోజుని ఒక్క పూట కూడా మరచిపోలేదు.

గురవయ్య ఊటకి ఇవతల, మర్యాదకి తగినంత దూరంలో కూర్చున్నాడు.

"ఏం అత్తా, పెళ్ళిళ్ళు బాగా జరుగుతున్నయ్యా?"

"జరుగుతున్నయ్ అల్లుడూ. నువ్వే, రోజూ వచ్చి దూరం నుంచి చూసి పోతన్నావు. భోజనానికి ఉండటంలా."

"ఉంటా అత్తా, ఉంటా. తొందరేముంది?"

నాంచారమ్మ నీళ్ళు తాగింది.

"మీ పెదకోటయ్య సంగతేందత్తా? ఎప్పుడు చూసినా వెనక్కి తగ్గుతున్నాడు!"

నాంచారమ్మ తల ఎత్తి గురవయ్యని చూసింది. తరవాత గట్టు మీదున్న ఏనుగుబండని చూసింది. అక్కడి నుంచి చూపు మెల్లగా చదును దాకా తీసుకెళ్ళి, మళ్ళీ బండ దాకా తెచ్చింది. ముసలిదానికి చూపు ఆనడం లేదు కాబోలనుకున్నాడు గురవయ్య.

"తగ్గుతాడు నాయనా," అంది నాంచారమ్మ. "వెనక్కి తగ్గటంలో ఈ కొండ మీద ఎవరైనా వాడి తరవాతే."

"చిన్నప్పట్నించీ అంతేనా?"

"చిన్నప్పుడు మూడడుగులు తగ్గేవాడు. ఏళ్ళొచ్చేకొద్దీ పెరిగింది. ఇప్పుడు పద్నాలుగు. వాళ్ళ నాయన పదహారు తగ్గేవాడు, ఆ మారాజు ఏ లోకాన ఉన్నాడో."

"అయ్యో పాపం!"

"పాపం ఎదటోళ్ళదిలే."

ఆ మాట గురవయ్యకి సరిగ్గా అందలేదు. అందకపోయినా తల ఊపాడు. "ఎదురుగా ఎవరు నిలబడ్డా తగ్గుతాడా అత్తా?"

"ఎవరైనా సరే. మీ దొర నిలబడినా తగ్గుతాడు. మర్యాద తెలిసినోడు."

"మరి వెనక నుంచి వస్తే?"

"వెనక నుంచి వస్తే పారిపోతాడు. మా వాళ్ళందరం అంతే, ఒక్క దూకులో కొండెక్కుతాం." నాంచారమ్మ నోట్లో ఉన్న నాలుగు పోచలూ నెమ్మదిగా నమిలి మింగింది. "నేను అబద్ధం చెప్పను అల్లుడూ. నా వయసులో చెప్పి ఏం చేసుకోను?"

అది నిజం. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అనుమానం ఉంటే వెనక్కి వెళ్ళి ఇంకోసారి చదువుకోండి. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఒక సామెత ఉంది, గురవయ్యకి అది చాలా ఇష్టం. నక్క గొర్రెని నమ్మితే ఏమవుతుందో చెప్పే సామెత ఆ రోజుకి ఇంకా పుట్టలేదు.

గురవయ్య ఊట దగ్గర నుంచి తిన్నగా దొర గుహకి పోయాడు.

"దొరా, దొరికాడు. పెదకోటయ్య."

దొర ఒక కన్ను తెరిచాడు. "ఆ కొమ్ములోడా?"

"కొమ్ములదేముంది దొరా, మోసేవాడి గుండె చూడాలి. పద్నాలుగు అడుగులు వెనక్కి తగ్గుతాడు. నా కళ్ళతో లెక్కపెట్టా. పంటినొప్పి కూడా ఉంది."

"అంత కొమ్ములు పెట్టుకుని పద్నాలుగా!" అన్నాడు దొర. అతనికి కొంచెం జాలి కూడా వేసింది. "సరే. పై రాతి మీద నుంచి..."

"వద్దు దొరా. వెనక నుంచి పోతే పారిపోతాడు. ఎదురుగా పోవాలి."

"నా జన్మలో ఎదురుగా పోయి వేటాడలేదురా. మా నాయన కూడా పోలేదు."

"అందుకే మీ మోకాలు పోయింది. ఈ వయసులో దూకుళ్ళెందుకు? చదునుకి దిగువ కొస నుంచి మర్యాదగా నడిచిపొండి. ఆయన వెనక్కి తగ్గుతాడు. వెనక కొండగోడ. పద్నాలుగో అడుగుకి వీపు తగులుతుంది, ఇంక పోను చోటుండదు. మీరు దగ్గరికి పోయి నోరు తెరిస్తే చాలు."

ఎనిమిది రోజుల ఆకలి ఇప్పుడు పద్నాలుగు రోజులైంది. ఆ ఆకలికి సలహా చాలా రుచిగా తగిలింది. దొర మూతి నాక్కున్నాడు.

మర్నాడు ఎండ చదును మీదికి రాగానే దొర దిగువ కొసన నిలబడ్డాడు. వెనక లోయ. అక్కడ కాలు మోపిన చిరుత అంతకుముందు లేడు. ఆడమందని నాంచారమ్మ తెల్లవారకముందే పై వాలుకి తోలుకుపోయింది. గురవయ్య బండ చాటున కూర్చున్నాడు. ఆదెమ్మని ఇంట్లో మాంసానికి చోటు ఖాళీ చేయమని చెప్పి వచ్చాడు. సగం తలుచుకుంటే ఆనందం, దొర రెండో మాట తలుచుకుంటే వణుకు. ఆ రెంటి మధ్యా కూర్చుని ఎగువ కొస వంక చూస్తున్నాడు.

పెదకోటయ్య ఇరవై రోజులుగా తినలేదు, పడుకోలేదు. ఆ నెలలో పొట్టేలుకి ఎదురుగా ఎవరు వచ్చినా పెళ్ళికొచ్చిన పోటీదారుడే.

"ఎవరది?" అని బండ వెనక నుంచి అతని గొంతు వినిపించింది. "ఏ మంద నాయనా మీది? ఎప్పుడూ చూళ్ళేదు."

"పై కొండ," అన్నాడు దొర.

"సంబంధానికొచ్చావా?"

"భోజనానికొచ్చా."

"భోజనాలు పెళ్ళయ్యాక. కొమ్ములేవి?"

"లేవు."

"పుట్టుకతోనే లేవా?"

"లేవు," అన్నాడు దొర కొంచెం విసుగ్గా. తిండికి ముందు ఇన్ని ప్రశ్నలు అతను ఎప్పుడూ ఎదుర్కోలేదు.

"అయ్యయ్యో," అన్నాడు పెదకోటయ్య. అతనిది మంచి మనసు. "కొమ్ముల్లేకుండా దిగువన నిలబడ్డావంటే నీ ధైర్యం మెచ్చుకోవాల. నిన్ను తక్కువ చెయ్యను నాయనా. అందరికీ చేసే మర్యాదే నీకూ చేస్తా."

"మర్యాద తగ్గనీకు కోటయ్యా!" అని పై వాలు మీద నుంచి నాంచారమ్మ కేకేసింది. "పెద్దింటాయన!"

బండ అంచు నుంచి పెదకోటయ్య వెనక భాగం బయటికొచ్చింది. గురవయ్యకి నవ్వాగలేదు. తోక నోట్లో కుక్కుకుని లెక్కపెట్టాడు. బండ వెనక దొర కూడా లెక్కపెడుతున్నాడు. ఎనిమిది, తొమ్మిది, పది అని అతని గొంతు హుషారుగా వినిపిస్తోంది. పద్నాలుగు అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. పెదకోటయ్య వీపు కొండగోడకి తగిలింది. తల దించుకున్నాడు. ముందుకు పోయి బండ చాటున మాయమయ్యాడు.

చప్పుడు వచ్చింది. ఎప్పటిలా ధన్‌మని కాదు, ఈసారి కొంచెం మెత్తగా వచ్చింది. ఆ తరవాత లోయలో నిజంగానే రాళ్ళు దొర్లాయి.

కాసేపటికి పెదకోటయ్య ఎగువ కొసకి తిరిగొచ్చి, మొహం ఒక పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు. గురవయ్య అతన్ని పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చూశాడు. ఎక్కడా కొరికిన గుర్తు లేదు. మాంసం తన కాళ్ళ మీద తాను తిరిగి రావడం అతను ఎన్నడూ ఎరగడు. బండకి కొంచెం ఇవతల దారి మీదికి వచ్చి, దొర కోసం మధ్యాహ్నం దాకా ఎదురుచూశాడు.

దొర పోయింది పై దారిన, వచ్చింది లోయలోంచి. ముందు కోరపళ్ళు రెండూ లేవు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. వచ్చి గురవయ్య ఎదురుగా కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"ఒరే గురవయ్యా."

"దొరా."

"పద్నాలుగు అడుగులు తగ్గాడురా."

"చెప్పాగా దొరా!" అన్నాడు గురవయ్య, పొంగిపోయి. అది పొంగవలసిన సమయం కాదని ఆ మాట నోరు దాటాక తెలిసింది.

"తరవాత పదిహేనోది ముందుకేశాడు. పదహారోది నాకు గుర్తులేదు. అది నువ్వు చెప్పలా."

"అదీ... అది బండకి అటుపక్క దొరా."

దొర మెల్లగా లేచి నిలబడ్డాడు. "నాకు ఆకలిగా ఉంది," అన్నాడు.

రెండో ముక్క అననక్కర్లేకపోయింది. గురవయ్య నిజంగా దగ్గర్లోనే ఉన్నాడు.

నక్క దగ్గర ఎప్పుడూ ఒక జిత్తు ఉంటుందని లోకం అనుకుంటుంది. గురవయ్య వెతుక్కున్నాడు, ఒక్కటీ దొరకలేదు. ఆదెమ్మ ఖాళీ చేసి ఉంచిన చోటు కళ్ళ ముందు మెదిలింది. ఆమె తన కోసం ఎదురుచూస్తుంటుందన్న ఆలోచనకి ఏడుపొచ్చింది. కాళ్ళు వాటంతట అవే వెనక్కి పడటం మొదలుపెట్టాయి. ఒకటి. రెండు.

దొర ముందుకు రెండడుగులు వేశాడు. గురవయ్య మూడోది, నాలుగోది వెనక్కి వేశాడు. దొర ఆగాడు. గురవయ్య ఐదు, ఆరు వేశాడు. దొర చెవి ఒకటి తనకి తెలియకుండానే వెనక్కి వాలింది. ఏడు. దొర పంజా ఎత్తి వాచిన కంటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఒరే, ఆగు," అన్నాడు దొర. "అన్నిటికీ అంత దూరం పోవాలా? మాట్లాడుకుంటే పోలా?"

భయంతో చెవులు మూసుకుపోయిన గురవయ్యకి అది వినపడలేదు. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. పదకొండో అడుగుకి అతని వీపు ఏనుగుబండకి తగిలింది. ఇంక పోను చోటు లేదు. అయిపోయింది, కనీసం దణ్ణం పెట్టి ప్రాధేయపడదామని తల వంచాడు.

దొర ఆ పొద్దున ఈ వరస మొత్తం ఒకసారి చూసి ఉన్నాడు. వీపు రాతికి తగలడం చూశాడు, తల వంగడం చూశాడు. దాని తరవాత ఏమొస్తుందో ఆ కొండ మీద అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. దొరకి ఉన్నట్టుండి అవతలి కొండ మీద ఏదో పని గుర్తొచ్చింది. కొంత దూరం పెద్దరికంగా నడిచాడు. ఆ తరవాత మోకాలి సంగతి కూడా మరచిపోయి పరిగెత్తాడు. కనుమ దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

గురవయ్య కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఎవరూ లేరు. ఆ ఏటి తొలి మంచు మాత్రం సన్నగా రాలుతోంది.

మొగుడు ఎంతకీ రాకపోయేసరికి ఆదెమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"దొరేడి?"

"పోయాడు. అవతలి కొండకి."

"మన సగం?"

గురవయ్య ముట్టెతో కనుమ వైపు చూపించాడు.

"నువ్వేం చేశావయ్యా?"

"ఏం చెయ్యలా. వెనక్కి తగ్గా."

"పదకొండు!" అని లోయ అవతల నుంచి నాంచారమ్మ గొంతు వినిపించింది. "మొదటిసారికి చానా ఎక్కువ అల్లుడూ. మా కోటయ్యకి మొదటి ఏడు మూడే."

"అత్తా, నాకు అబద్ధం చెప్పావు!" అని అరిచాడు గురవయ్య.

"ఒక్కటి చూపించు."

గురవయ్య ఊట దగ్గరి మాటలన్నీ ఒక్కొక్కటిగా తిరగేసుకున్నాడు. ఎక్కడా దొరకలేదు. అతనికి ఒళ్ళు మండింది. మండినా లాభం లేకపోయింది.

"పోయిన కార్తీకంలో దొర మా పెద్దపిల్లని తిన్నాక, ఎముకలు చీకింది నువ్వే గదా గురవయ్యా," అంది నాంచారమ్మ. ఈసారి అల్లుడూ అనలేదు. వేళాకోళమూ లేదు. "ఆ పిల్ల కూతురు ఇప్పుడు నాతోపాటు నీళ్ళకొస్తంది. ఈ చలికాలం అది తలెత్తుకుని తాగుద్ది. అదే నాకు కావలసింది."

ఆమె మందలోకి వెళ్ళిపోయింది. గురవయ్యకి చలికాలం మొత్తం ముందుంది, ఇంట్లో ఖాళీ చేసిన చోటు ఖాళీగానే ఉంది. ఎలుక బొరియల జాగారం ఇవాళ్టి నుంచే మొదలు. ఆదెమ్మ అతన్ని మెడ పట్టుకున్నట్టు ముట్టెతో నెట్టుకుంటూ, ఏనుగుబండ చుట్టూ తిప్పి, అటుపక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

అక్కడి నుంచి చదును మొత్తం కనిపిస్తోంది. ఎగువన పెదకోటయ్య, దిగువన మళ్ళీ ఆ అంకయ్య. పెదకోటయ్య పద్నాలుగు అడుగులు వెనక్కి నడిచాడు, అంకయ్య ఆరు. ఇద్దరూ తలలు వంచారు. గురవయ్య తన బతుకులో మొదటిసారి పదిహేనో అడుగు చూశాడు.

ధన్‌మని కొండ అదిరింది. ఏనుగుబండ నెత్తిన పేరుకున్న మంచంతా జారి గురవయ్య తల మీద పడింది.

"రాళ్ళు," అంది ఆదెమ్మ.

నీతి: వెనకడుగులు లెక్కపెట్టేవాడు, ముందడుగు పడేదాకా నోరు తెరవకూడదు.